దశమభాగం మందిరం స్లాబుకా, ఆ అక్క కొడుకు ఫీజుకా?

ప్రశ్న: అన్నయ్యగారికి వందనాలు. మాది గుంటూరు జిల్లాలో ఒక పెద్ద ఊరు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మావారిది కూడా చిన్న ఉద్యోగమే. ఇద్దరి జీతాలు కలిపి నెలకు 58,000. పెళ్లయిన దగ్గర్నుంచి దశమభాగం, అంటే రాబడిలో పదోవంతు, తప్పకుండా సంఘానికే ఇస్తున్నాం. రెండేళ్లుగా కొత్త మందిరం కడుతున్నాం, పని స్లాబు దగ్గర ఆగింది. మా సంఘంలోనే ఒక అక్క ఉన్నారు. భర్త పోయి మూడేళ్లయింది. మూడిళ్లలో పాచిపని చేస్తారు. ఫీజు కట్టలేదని ఇంటర్ చదివే వాళ్ల అబ్బాయిని కాలేజీకి రావద్దన్నారు. ఆ నెల దశమభాగంలోంచి 4,000 తీసి కాలేజీలో కట్టాను. స్త్రీల కూడికలో ఆ మాట నోరు జారితే ఒక పెద్దావిడ "దేవుని సొమ్ము దొంగిలించావు, మలాకీ చదువుకో" అన్నారు. తర్వాతి ఆదివారం పాస్టరుగారి ప్రసంగం కూడా ఆ వాక్యం మీదే. భయపడి ఆ 4,000 మళ్లీ సంఘంలో కట్టేశాను. దాంతో చేతిలో డబ్బు సరిపోక మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి జీతం పదిహేను రోజులు ఆలస్యంగా ఇచ్చాను. మావారేమో "ఆ అక్క ఇప్పటికి మూడుసార్లు సాయం అడిగింది, పని చేయనివాడు తినకూడదని బైబిల్లోనే ఉంది, అలవాటు చేయకు" అంటున్నారు. ఆవిడ మరిది తాగుతాడట, చేతిలో డబ్బుంటే లాక్కుంటాడట. రాత్రుళ్లు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. నేను చేసింది తప్పా? ఇక మీద ఏం చేయాలి?
ఒక సహోదరి

సమాధానం:

చెల్లెమ్మా, ప్రభువు నామంలో మీకు వందనాలు.

ముందు మీకు నిద్ర పట్టాలి, అందుకే జవాబు మొదటే చెబుతున్నాను. మీరు దేవుని సొమ్ము దొంగిలించలేదు. ఆ పిల్లవాడి ఫీజు కట్టినందుకు ఎవరికీ క్షమాపణ చెప్పాల్సిన పని లేదు. అయితే మీరు ఉత్తరంలో మామూలుగా రాసేసిన ఒక సంగతి ఉంది. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మలాకీ 3:10 మన సంఘాల్లో చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చు. "నా మందిరములో ఆహారముండునట్లు పదియవ భాగమంతయు మీరు నా మందిరపు నిధిలోనికి తీసికొనిరండి." ఇందులో "ఆహారముండునట్లు" అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. నిధి అనగానే మనకు కానుకల పెట్టె గుర్తొస్తుంది. యెరూషలేము గుడిలో అది కొట్టుగది. ధాన్యం, ద్రాక్షారసం, నూనె తెచ్చి అక్కడ నిలవ చేసేవారు. భూమి పంచినప్పుడు గుడి సేవ చేసే లేవీయులకు వాటా రాలేదు కాబట్టి వాళ్ల తిండి అక్కడి నుంచే రావాలి. జనం ఆ పాళ్లు తేవడం మానేస్తే ఏం జరిగిందో నెహెమ్యా 13వ అధ్యాయంలో ఉంది. సేవ చేయాల్సిన లేవీయులు, పాటలు పాడాల్సిన గాయకులు పొట్ట గడవక ఎవరి పొలాలకు వాళ్లు వెళ్లిపోయారు. మలాకీ మాట్లాడుతున్నది అలాంటి రోజుల గురించి. ఆధారం లేనివాళ్ల కంచంలో పడాల్సిన అన్నం ఆగిపోయిందని ఆ ప్రవక్త బాధ.

ఆ పదోవంతు గురించి మోషే ధర్మశాస్త్రంలో ఇంకా ఏముందో మన ప్రసంగాల్లో ఎక్కువగా వినపడదు. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం చివరి రెండు వచనాలు తీయండి. మూడేళ్లకోసారి ఆ ఏటి పంటలో పదోవంతును ఎవరి ఊళ్లో వాళ్లే ఉంచాలి. ఆ ఊళ్లో ఉన్న లేవీయులు, పరదేశులు, తండ్రిలేని పిల్లలు, భర్త పోయిన స్త్రీలు వచ్చి తిని తృప్తి పొందాలి. 26వ అధ్యాయం 12వ వచనంలో ఆ మూడో ఏటికి పదియవ భాగమిచ్చు సంవత్సరమనే పేరు. అంటే తండ్రి లేని పిల్లవాడికి, భర్త లేని తల్లికి దశమభాగంలో పాలు ఉందని రాసిపెట్టింది ధర్మశాస్త్రమే. మీరు ఆ పాలు తీసుకెళ్లి ఆ పిల్లవాడి కాలేజీలో కట్టారు. ఆ పెద్దావిడ మలాకీ చదువుకోమన్నారు కదా, 3:10 ఒక్కటే కాకుండా ఆ అధ్యాయం మొత్తం చదవండి.

పరిసయ్యులతో ప్రభువు కొర్బాను గురించి అన్న మాటలు కూడా మీకు ఆదరణగా ఉంటాయి. మార్కు 7వ అధ్యాయంలో ఉన్నాయి. ముసలి తల్లిదండ్రులకు అందాల్సినదాన్ని "ఇది దేవార్పితం" అనేసి చేతులు దులుపుకొనే పద్ధతి ఒకటి అప్పట్లో ఉండేది. మీ పారంపర్యాచారం కోసం దేవుని వాక్యాన్నే కొట్టేస్తున్నారని ఆయన దాన్ని ఖండించాడు. దేవుని పేరు చెప్పి మనిషి అవసరాన్ని పక్కన పెట్టడం ఆయనకు నచ్చలేదు. మత్తయి 23:23లో పుదీనాలోను సోపులోను జీలకర్రలోను పదోవంతు లెక్కగా ఇచ్చేవాళ్లను ఆయన ఆ లెక్క మానమనలేదు. న్యాయాన్ని, కనికరాన్ని, విశ్వాసాన్ని వదిలేశారని అడిగాడు. ఆ లెక్క మానకుండానే వీటినీ చేయాల్సిందన్నాడు.

కాబట్టి సంఘానికి ఇవ్వడం మానొద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. ఇలాంటి మాట పడ్డాక కొందరు అలిగి అసలు మందిరానికి ఇవ్వడమే మానేస్తారు. మీ పాస్టరుగారి ఇంట్లో పొయ్యి వెలిగేది కూడా ఆ కానుకలతోనే కదా. సువార్త ప్రకటించేవాళ్లు సువార్త వలన జీవించాలని పౌలు కొరింథీయులకు రాశాడు. రేకుల షెడ్డు కింద మే నెలలో చంటిపిల్లలతో ఆరాధనకు కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. స్లాబు పడాలి. ఆయన మీ మీద కోపంతోనే ఆ వాక్యం తీశారని కూడా అనుకోకండి. పని మధ్యలో ఆగిపోయి, సిమెంటు కొట్టువాడు, మేస్త్రీ రోజూ ఇంటికి వస్తుంటే ఆ మనిషి మీద ఎంత బరువు ఉంటుందో ఆలోచించండి. ఆయన మీద కోపం పెట్టుకోకుండా వెళ్లి మాట్లాడండి.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న సంగతి. మనం పేదవాళ్లకు ఇచ్చేటప్పుడు మనది తీసి వాళ్లకు ఇస్తున్నాం అనుకుంటాం. బైబిల్లో లెక్క అలా లేదు. లేవీయకాండము 19:9 చూడండి. పంట కోసేటప్పుడు పొలం ఓరలు పూర్తిగా కోయకూడదు, పరిగె ఏరుకోకూడదు. మొత్తం కోసి, కుప్ప వేసి, నూర్చి, అందులోంచి బీదలకు నాలుగు శేర్లు కొలిచి పెట్టమని అక్కడ లేదు. ఆ ఓర అసలు కోయవద్దు, అది బీదవాడికీ పరదేశికీ విడిచిపెట్టాలి అని ఉంది. పొలం ఆసామిదే అయినా ఆ ఓర మీద, రాలిన వెన్ను మీద అతనికి హక్కు లేదు. బీదవాడు వచ్చి ఏరుకోవాలి. ఎవరి గుమ్మం దగ్గరా నిలబడి చేయి చాపక్కర్లేదు.

మీది పల్లెటూరి నేపథ్యమైతే పరిగె అన్న మాట మీకు బాగా తెలిసి ఉంటుంది. నా చిన్నప్పుడు వరి కోతలయ్యాక మా పేటలోని ఆడవాళ్లు, పిల్లలు పరిగె ఏరడానికి వెళ్లేవాళ్లు. మా నాయనమ్మ కూడా వెళ్లేది. కొంగులో ఏరి తెచ్చిన వెన్నులు చాటలో నలిపి ఆ బియ్యంతో క్రిస్మస్‌కి అరిసెలు చేసేది. "ఇది ఎవరు పెట్టింది కాదు, నేను ఏరుకున్నది" అని ఆమె చెప్పేటప్పుడు మెడ నిటారుగా ఉండేది. కోత మిషన్లు వచ్చాక చేలల్లో ఆ దృశ్యం బాగా తగ్గిపోయింది.

రూతు భర్త పోయి, అత్తతో కలిసి పరాయి ఊరు వచ్చి, పరిగె ఏరుకున్న స్త్రీ. ఆమె కథలో పొలం ఆసామి బోయజు ఇంకొంచెం ముందుకు వెళ్లాడు. ఆమె కోసం పిడికెళ్లు పడేసి ఏరుకోనివ్వమని పనివాళ్లకు చెప్పాడు. అంతకంటే ముందు "ఆమెను అవమానపరచకుడి" అన్నాడు. ఆ సాయంత్రం ఆమె తూమెడు యవలు దులుపుకొని అత్త దగ్గరికి వెళ్లింది. తన కష్టంతో ఏరుకున్నానన్న తృప్తితోనే వెళ్లి ఉంటుంది. పేదవాళ్ల పట్ల క్రైస్తవుడి బాధ్యత ఏమిటని నన్ను ఎవరు అడిగినా నేను రూతు 2వ అధ్యాయం చదవమంటాను. వాళ్ల పాలు వాళ్లకు చేరాలి, చేరేటప్పుడు తల దించుకునే పరిస్థితి రాకూడదు.

ఈ రెండో సంగతి నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. పదకొండేళ్లు నేను ఉన్న సంఘంలో లెక్కల పుస్తకం రాశాను. ఒకసారి సంవత్సరం చివర పద్దులన్నీ కూడుతుంటే బీదల కోసం ఖర్చు పెట్టింది ఒక్క పద్దే కనిపించింది, క్రిస్మస్ చీరలు. మైకుసెట్టుకు, టెంటుకు పెట్టిన దాంట్లో అది సగం కూడా లేదు. ఆ చీరలు పంచేటప్పుడు స్టేజీ మీదికి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి ఫోటోలు తీయించాం. ఆ ఏర్పాట్లు చేసింది నేనే. ఒక తల్లి చీర తీసుకుని ఫోటో దగ్గర మొహం పక్కకు తిప్పుకుంది. మర్నాడు మా ఇంటికి వచ్చి, "అయ్యా, నా కూతురికి సంబంధం చూస్తున్నాం, ఆ ఫోటో ఎవరికీ పంపకండి" అని అడిగింది. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న వాక్యం నేను అప్పటికే ఎన్నోసార్లు బోధించి ఉన్నాను. ఆ తల్లి గుమ్మంలో నిలబడి అడిగిన రోజున అది నాకు అర్థమైంది.

అందుకే స్త్రీల కూడికలో ఆ మాట నోరు జారినందుకు మాత్రం మీరు బాధపడాలి. అక్కడ ఆ అక్క ఉన్నారో లేదో మీరు రాయలేదు. లేకపోయినా ఈపాటికి ఆవిడ చెవిన పడే ఉంటుంది. మీరు ఒంటరిగా వెళ్లి, "అక్కా, అందరి ముందూ అనకుండా ఉండాల్సింది, నాదే పొరపాటు" అని చెప్పండి.

ఇక మీవారు చెప్పిన వాక్యం. 2 థెస్సలొనీకయులకు 3:10లో మన తెలుగు బైబిల్ మాట ఎంత కచ్చితంగా ఉందో చూడండి: "ఎవడైనను పని చేయనొల్లని యెడల వాడు భోజనము చేయకూడదు." చేయనొల్లని అంటే చేయడానికి ఇష్టపడని అని. చేయలేనివాడు, పని దొరకనివాడు, చేసినా కూలి చాలనివాడు ఈ వాక్యం కిందికి రారు. థెస్సలొనీకలో కొందరు ఏ పనీ చేయకుండా పరుల జోలికి పోతూ తిరుగుతున్నారని తర్వాతి వచనమే చెబుతుంది. పౌలు రాసింది వాళ్ల గురించి. మూడిళ్లలో అంట్లు తోమి, బట్టలు ఉతికి, సాయంత్రం తన ఇంటి పని చేసుకునే మనిషికి ఈ వాక్యం ఎలా తగులుతుంది? అదే అధ్యాయం 13వ వచనం కూడా మీవారితో కలిసి చదవండి. "సహోదరులారా, మీరైతే మేలుచేయుటలో విసుకవద్దు." సోమరుల గురించి రాస్తున్నప్పుడే పౌలుకు ఒక భయం పట్టుకున్నట్టుంది, వాళ్లను చూసి మిగిలినవాళ్లు మేలు చేయడమే మానేస్తారేమోనని.

అయినా మీవారి మాటను పూర్తిగా తోసేయను. ఆవిడ మూడుసార్లు అడిగారంటే ఇంట్లో ఏదో ఒకచోట చిల్లు ఉంది. చిల్లు ఎక్కడో తెలుసుకోకుండా నీళ్లు పోస్తే మీరూ అలసిపోతారు, ఆవిడా ప్రతిసారీ సిగ్గుపడుతూ అడగాల్సి వస్తుంది. కాబట్టి ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్లి కూర్చోండి. ఆరా తీయడానికి వచ్చినట్టు ఉండకూడదు, మీ అక్క ఇంటికి వెళ్లినట్టు ఉండాలి. ఆవిడ చెప్పినంత వినండి. భర్త వైద్యానికి తెచ్చిన అప్పుకు నూటికి అయిదో పదో వడ్డీ కడుతున్నారేమో. వారం వారం ఏదో ఫైనాన్సు కిస్తీ ఉందేమో. అలా ఉంటే ఆవిడ కూలిలో ఎక్కువ భాగం అటే పోతుంటుంది, మీరిచ్చిన డబ్బూ అటే పోతుంది. అప్పు పూర్తిగా తీరే దారి వెతకడం వేరే పని, అది మీ ఒక్కరి వల్ల కాదు. దానికి సంఘం కావాలి.

ఆవిడకు రావలసినవి వస్తున్నాయో లేదో కూడా చూడండి. మన రాష్ట్రంలో భర్త పోయినవాళ్లకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4,000 పింఛను ఉంది. మూడేళ్లయినా ఆవిడ పేరు ఎక్కకపోతే, మరణ ధ్రువపత్రం, ఆధార్, బియ్యం కార్డు పట్టుకుని సచివాలయానికి మీరే తోడు వెళ్లండి. కొత్త దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటారో అక్కడ చెబుతారు. పిల్లల చదువుకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం పథకం ఇంటర్ పిల్లలకు కూడా వర్తిస్తుంది. ఆ డబ్బు తల్లి ఖాతాలో పడుతుంది, దానికి 75 శాతం హాజరు ఉండాలి. కాలేజీకి రావద్దన్న రోజులన్నీ ఆ హాజరులోంచే పోతాయి కాబట్టి మీరు ఫీజు కట్టి ఆ పిల్లవాడిని మళ్లీ క్లాసులో కూర్చోబెట్టడం మీరు అనుకున్నదానికంటే పెద్ద మేలు. చదువుకున్న మీలాంటివాళ్లు ఒక పూట సెలవు పెట్టి కౌంటర్ దగ్గర పక్కన నిలబడితే, ఆ సాయం ఒక్కోసారి డబ్బుకంటే ఎక్కువ పనికొస్తుంది. అది కూడా కానుకే, దానికి రసీదు ఉండదంతే.

మరిది విషయంలో మీరు చేసింది సరైన పద్ధతి. ఫీజు కాలేజీలోనే కట్టండి. సరుకులు కావాలంటే కొట్టులో ఇప్పించండి. ఆవిడ ఖాతా ఎవరి ఫోన్ నంబరుతో ఉందో, ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి. చెయ్యి చేసుకుంటున్నాడని తెలిస్తే మాత్రం దాన్ని ప్రార్థన అంశంగా వదిలేయకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ సాయం దొరుకుతుంది. కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవల కమిటీలో అడగవచ్చు. కానీ ఒక జాగ్రత్త. మరిది తాగుతాడన్న భయంతో ఆవిడ ఖర్చు పెట్టే ప్రతి రూపాయికీ మీరు లెక్క అడగడం మొదలుపెట్టకండి. మన జీతానికి మనల్ని ఎవరూ అలా అడగరు. పిల్లవాడి పుట్టినరోజున పావుకిలో మిఠాయి కొనుక్కునే హక్కు ఆవిడకూ ఉంది.

అప్పుగా ఇవ్వాలా, ఊరికే ఇవ్వాలా అని కూడా మీకు అనుమానం రావచ్చు. నా మాట వినండి, అప్పుగా ఇవ్వకండి. తీర్చలేకపోయిన వారం నుంచి ఆవిడ మందిరానికి రావడం మానేస్తారు. నేను ముగ్గురు నలుగురిని అలా పోగొట్టుకున్నాను. "బీదలను కనికరించువాడు యెహోవాకు అప్పిచ్చువాడు" అని సామెతలు 19:17లో ఉంది కదా, అప్పు పద్దు ఆయన పేరు మీదే రాసుకోండి.

ఇప్పుడు సంఘం. యెరూషలేములో మొదటి సంఘానికి వచ్చిన మొదటి తగాదాల్లో ఒకటి ఈ విషయం మీదే. రోజూ జరిగే పంపకంలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు మాట్లాడే యూదులు సణిగారు. అపొస్తలులు ఆ సణుగుడును కసిరి ఆపలేదు. మంచిపేరున్న ఏడుగురిని సంఘాన్నే ఎన్నుకోమని, వాళ్ల మీద చేతులుంచి ప్రార్థించి, ఆ పని అప్పగించారు. ఆ ఏడుగురిలో స్తెఫను ఒకడు. సుమారు 155వ సంవత్సరంలో రోములో హతసాక్షి జస్టిన్ తన కాలపు ఆదివారం ఆరాధన ఎలా జరిగేదో చక్రవర్తికి రాశాడు. కలిగినవాళ్లు ఇష్టపూర్వకంగా ఇచ్చింది అధ్యక్షుడి దగ్గర ఉంచుతారు, ఆయన అందులోంచి తండ్రిలేనివాళ్లను, విధవరాండ్రను, రోగులను, చెరసాలలో ఉన్నవాళ్లను, ఊరికి కొత్తగా వచ్చినవాళ్లను చూసుకుంటాడు అని. అప్పటికి వాళ్లకు మనలాంటి మందిరాలు లేవు. మందిరాలు వచ్చాక, నాలుగో శతాబ్దం చివర అంతియొకయలో యోహాను క్రిసోస్టమ్ అనే బోధకుడు మత్తయి సువార్త మీద ప్రసంగిస్తూ గట్టిగా మందలించాడు. బయట చలికి వణుకుతున్న క్రీస్తును వదిలేసి లోపల పట్టుబట్టలతో ఆయనను సన్మానిస్తే ఏం లాభమని అడిగాడు. మందిరాన్ని అలంకరించవద్దని కాదు, ముందు ఆకలి తీర్చి ఆ తర్వాత అలంకరించమన్నాడు. మీ స్లాబు గురించి నేను చెప్పేదీ అంతే.

మన నేల మీది సంగతి ఒకటి కూడా చెప్పాలి. 1876 నుంచి 1878 దాకా వచ్చిన పెద్ద కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడు మైళ్ల పని కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆయనకు అమెరికాలో భూమి సర్వే చేసిన అనుభవం ఉంది. కరువుకు ఊళ్లు వదిలి వచ్చినవాళ్లకు, ముఖ్యంగా మాదిగ కుటుంబాలకు, అక్కడ పని, కూలి దొరికాయి. గంజి పోసి పంపడం కంటే అది ఎంతో మేలు. నాకు ఇంకా గొప్పగా అనిపించేది ఆయన చేసిన మరో పని. కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కూడు కోసం మతం మారారన్న మాట వాళ్లకు రాకూడదని, తన సాయానికి అది వెల కాకూడదని. కరువు తీరాక 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మీ జిల్లాలో, పక్క జిల్లాల్లో ఎన్నో కుటుంబాల విశ్వాసం మొదలైంది ఆ రోజుల్లోనే. పేదలే కట్టిన సంఘాలు మనవి. మన తాతముత్తాతలు ఆ కాలువలో మట్టి మోసినవాళ్లు. వాళ్ల మునిమనవళ్లం కట్టే మందిరంలో పేదరాలికి పాలు లేదంటే నాకు మింగుడుపడదు.

అందుకని పాస్టరుగారి దగ్గరికి మీరూ మీవారూ కలిసి వెళ్లండి. వాదించడానికి వెళ్లొద్దు, ఒక విన్నపంతో వెళ్లండి. సంఘం పుస్తకంలో "బీదల పద్దు" అని ఒకటి విడిగా తెరవమనండి. ప్రతి నెలా వచ్చిన కానుకలో కొంత, పదోవంతయినా సరే, స్లాబు అయ్యేదాకా ఆగకుండా ఆ పద్దులో పడాలి. చూసుకోవడానికి ముగ్గురు ఉండాలి, అందులో ఒకరైనా ఆడమనిషి ఉండాలి, వీలైతే కష్టం తెలిసిన మనిషి ఉండాలి. ఎవరికిచ్చారో ఆ ముగ్గురికి, పుస్తకానికి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. ఫోటోలు వద్దు. ఒకవేళ పాస్టరుగారు ఇప్పుడు కుదరదంటే నొచ్చుకోకండి, మీ 5,800లో నెలకు 1,500 విడిగా ఒక కవరులో వేసి, మిగిలింది సంఘానికి ఇవ్వండి. అలా చేస్తున్నామని ఆయనకు చెప్పే చేయండి. మీవారికి తెలియకుండా మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. "సణుగుకొనకయు బలవంతముగా కాకయు" ఇవ్వాలన్నది ఇంట్లోవాళ్లకూ వర్తిస్తుంది. మీరు 1,500 అంటే ఆయన 800 అంటే, 800 దగ్గరే మొదలుపెట్టండి. మీతో పాటు ఆయన్ని కూడా ఆ అక్క ఇంటికి తీసుకెళ్లండి. దూరం నుంచి విన్నప్పుడు మనిషి మనసు ఒకలా ఉంటుంది, ఆ గుమ్మంలో కూర్చుని మంచినీళ్లు తాగాక ఇంకోలా ఉంటుంది.

చివరికి మిగిలింది మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి సంగతి.

చెల్లెమ్మా, ఆ పదిహేను రోజులూ ఆమె ఏం చేసి ఉంటుంది? అద్దె ఎలా కట్టింది? ఎవరి దగ్గర చేబదులు తీసుకుంది? మీరు భయంతో రెండోసారి సంఘంలో కట్టిన 4,000 నిజానికి ఆ అమ్మాయి జీతం. కూలివాని కూలి మరునాటి వరకు నీ దగ్గర ఉంచుకోకూడదని లేవీయకాండము 19:13లో ఉంది. ఓరలు కోయవద్దన్న అధ్యాయమే అది. పొద్దుగుంకక ముందే ఇవ్వాలని, వాడు బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకుంటాడని ద్వితీయోపదేశకాండము 24:15 చెబుతుంది. మలాకీ 3 మొత్తం చదవమన్నాను కదా. 10వ వచనానికి ముందు 5వ వచనం ఉంది. కూలివాళ్లను కూలి విషయంలో, విధవరాండ్రను, తండ్రిలేనివాళ్లను బాధపెట్టేవాళ్ల మీద తానే సాక్ష్యం చెబుతానని దేవుడు అక్కడ అంటున్నాడు. దశమభాగం గురించి అడగడానికి ముందే ఆయన ఇది అడిగాడు.

మీ మనసు మంచిదని మీ ఉత్తరమే చెబుతోంది కాబట్టి ఇంత ధైర్యంగా రాస్తున్నాను. కానుక ఒక వారం ఆలస్యమైతే దేవుడు పస్తుండడు. ఆ అమ్మాయి ఉంటుంది. ఇక మీద జీతం రాగానే మొదట తీయాల్సింది ఆమె జీతమే, సంఘం కవరూ బీదల కవరూ ఆ తర్వాతే. ఆమెకు నెలకు ఎంత ఇస్తున్నారో, చివరిసారి ఎప్పుడు పెంచారో, జ్వరం వచ్చి రాని రోజులకు కోస్తున్నారో లేదో మీరిద్దరూ కూర్చుని చూసుకోండి. ఆ ఆలస్యం వల్ల ఆమె ఎక్కడైనా వడ్డీకి తెచ్చి ఉంటే ఆ వడ్డీ మీరే కట్టండి.

వచ్చే ఆదివారం ఆరాధనలో ఆ అక్క పక్కనే కూర్చోండి. ఆమె ఎప్పుడూ కూర్చునే చోటే. అబ్బాయి రెండో విడత ఫీజు ఎప్పుడు కట్టాలో నెమ్మదిగా అడిగి రాసుకోండి. పాస్టరుగారు ఏమన్నారో నాకు రాయండి, ఎదురుచూస్తుంటాను.

మీ సహోదరుడు